నాగుల్‌మీరా గొంతులో ఎండాకాలం

ఈ ఏడాది మా జిల్లాలో అన్నిటికంటే ఎక్కువ వేడి నమోదైన చోటు ఏదని ఎవరైనా అడిగితే, రికార్డుల ప్రకారం జవాబు ఒకటే. సన్నాయి నాగుల్‌మీరా గారి గొంతు. ఇంకాస్త కచ్చితంగా చెప్పాలంటే, గొంతు దిగాక ఊపిరితిత్తులకి గాలి తీసుకుపోయే గొట్టంలో, అది రెండుగా చీలే చోటికి కాస్త పైన. అక్కడ ఏప్రిల్ నెలలో నూటనాలుగు డిగ్రీలు కాసింది. అదే రోజు బయట మబ్బు పట్టి, మామిడి పిందెలు రాలేటంత గాలి వీచి, నాలుగు చినుకులు కూడా పడ్డాయి. చినుకులు రాసుకునే గడి మా దగ్గర లేదు కాబట్టి వాటి సంగతి ఎవరికీ తెలియదు.

నేను జిల్లా ఛాతీ ఆసుపత్రిలో హెడ్ గుమాస్తాని. పేరు సోమసుందరం. సర్కారు నౌకరీలో జుట్టు నెరిసినవాణ్ణి కాబట్టి నిబంధనలంటే నాకు గౌరవం. పాముకిచ్చేపాటి గౌరవం. తొక్కను, ఎదురుపోను, చూసీ చూడనట్టు గట్టు మీద నుంచి నడిచిపోతాను. కానీ ఈసారి పాము మా ఆసుపత్రికే వచ్చి మంచం వేయించుకుంది.

రెండేళ్ల కిందటి వేసవిలో వడదెబ్బకి మా జిల్లాలో చాలామంది కూలీలు చనిపోయారు. ఇది నవ్వే సంగతి కాదు. చెరువులో మట్టి తవ్వుతూ తవ్వుతూ పలుగు మీదే ఒరిగిపోయారు. ఆ చావుల మీద గొడవ జరిగింది, గొడవ మీద కమిటీ పడింది, కమిటీకి పథకం పుట్టింది. పథకం పేరు ‘వేడిమి రహిత వేసవి’. ఏ సర్కారు కార్యాలయంలోనైనా సరే, ఏ కారణం చేతనైనా సరే, మనిషి ఉండే చోట ఎంత వేడి ఉందో అక్కడి యంత్రాలు తమంతట తామే రాజధానిలోని పోర్టల్‌కి చెప్పేస్తాయి. నలభైయారు డిగ్రీలు దాటితే మండలం మొత్తం పటంలో ఎర్రబడుతుంది. ఎర్రబడితే బడులు మూతపడతాయి, ఉపాధి పనులు ఆగిపోతాయి, చలివేంద్రాలు లేస్తాయి. నిజం చెప్పొద్దూ, మంచి పథకమే. మనుషుల్ని ఎండలోంచి నీడలోకి లాగాలన్న ఆలోచనతోనే మొదలైంది.

దీనికి మా జిల్లా ప్రత్యేకాధికారిగా త్రివిక్రమరావు గారు వచ్చారు. పొడుగాటి మనిషి. ఎప్పుడూ తెల్లచొక్కా, చేతిలో గొడుగు. మాట్లాడితే ఉత్తర్వు చదువుతున్నట్టే ఉండేది. ఆయన లంచగొండి అయితే మాకు ఏదో ఒక దారి దొరికేది. దురదృష్టం కొద్దీ ఆయన నిజాయితీపరుడు.

మా ఆసుపత్రిలో ఉష్ణోగ్రత చెప్పే యంత్రాలన్నిటినీ పోర్టల్‌కి అనుసంధానించడానికి ఆయన ఇంజనీరుని వెంటబెట్టుకుని వచ్చారు. నేను దారి చూపిస్తూ నడిచాను. వంటగదిలో పొయ్యి దగ్గర ఆగి, పొయ్యి లోపల మనిషి ఉండునా అని అడిగారు. ఉండడన్నాను. అయితే వదిలేయమన్నారు. సూదులూ కత్తెరలూ ఉడకబెట్టే పెట్టె దగ్గరా అదే ప్రశ్న, అదే జవాబు. ఆయన తర్కంలో నాకు అప్పటికి లోపం కనబడలేదు. ఆ తర్వాత డాక్టర్ హేమనళిని గారి గదికి వెళ్లాం.

హేమనళిని గారు ఊపిరి గొట్టాల డాక్టరు. ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషి కాబట్టి పై అధికారులకి ఆమె అంటే పడదు, రోగులకి ప్రాణం. ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి రాసి ఆమె ఒక యంత్రం తెప్పించుకుంది. ఊపిరి గొట్టంలో గడ్డ పెరిగి గాలికి అడ్డుపడితే, నోట్లోంచి సన్నటి గొట్టం దింపి, టీవీలో చూసుకుంటూ, దాని కొనతో గడ్డని వేడితో కొంచెం కొంచెంగా కాల్చేస్తారు. కోత లేదు, కుట్టు లేదు. మూసుకుపోయిన దారి తెరుచుకుంటుంది. యంత్రం మీద చిన్న అద్దంలో కొన దగ్గరి వేడి అంకెల్లో కనిపిస్తుంది. ఆ అద్దం చూడగానే త్రివిక్రమరావు గారు గొడుగు నేలకానించి నిలబడ్డారు.

“ఈ వేడిమి ఎక్కడ ఉత్పన్నమగును?” అన్నారు.

“పేషెంటు ఊపిరి గొట్టంలో,” అంది డాక్టరమ్మ.

“అచ్చట మనిషి ఉండునా?”

ఆమె అదేదో హాస్యమనుకుంది. “మనిషి లేకపోతే నేనెందుకు కాలుస్తానండీ?” అని నవ్వింది.

ఆయన నవ్వలేదు. ఇంజనీరు వైపు చూసి తల ఊపారు. పొయ్యిలో మనిషి లేడు, ఉడకబెట్టే పెట్టెలో లేడు, గొట్టంలో మాత్రం నిస్సందేహంగా ఉన్నాడు. యంత్రానికి తీగ తగిలించారు.

ఆ యంత్రం కోసం మొదట ఎదురుచూస్తున్నవాడు నాగుల్‌మీరా. పెళ్లిళ్లకీ గుళ్లో కల్యాణాలకీ సన్నాయి వాయించే ఇంటివాడు. తాళి కట్టే వేళ ఆయన గెట్టిమేళం పట్టాడంటే మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో పక్కన డోలు కొట్టేవాడికి కూడా తెలిసేది కాదని మా ఊళ్లో చెప్పుకుంటారు. అలాంటి మనిషి ఊపిరి గొట్టంలో గడ్డ పెరిగి ముప్పాతిక దారి మూసేసింది. ఊపిరి తీస్తే ఈల వేసినట్టు చప్పుడు. పడుకుంటే గాలి ఆడదు కాబట్టి గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. గడ్డ పూర్తిగా మూసుకుపోయేలోగా దారి తెరవాలి, లేకపోతే మనిషి దక్కడని డాక్టరమ్మ ఆయన భార్య ఖాసింబీకి దాచకుండా చెప్పింది. ఖాసింబీ ఏడవలేదు. ఎప్పుడు చేస్తారో చెప్పమ్మా, ఆ రోజు దాకా ఆయన్ని కూకోబెట్టి ఊపిరి తీయిస్తా అంది.

వైద్యం మొదలుపెట్టిన రోజు అంతా సవ్యంగానే సాగింది. గొట్టం దిగింది, గడ్డ కనబడింది, కొన వేడెక్కింది. డాక్టరమ్మ సగం గడ్డ కాల్చేసరికి ఆపరేషన్ థియేటర్లో ఉన్నవాళ్లందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. బయట వసారాలో నా ఫోనూ మోగింది, బజార్లో అందరి ఫోన్లూ మోగాయి. మీ ప్రాంతంలో ఉష్ణోగ్రత నూటనాలుగు డిగ్రీలు, ఇళ్లలోంచి బయటికి రావద్దు, నూలు బట్టలు కట్టుకోండి, మజ్జిగ తాగండి అని సందేశం. నూరు డిగ్రీల దగ్గర నీళ్లే మరుగుతాయని బడిలో చదువుకున్నవాళ్లు ఊరినిండా ఉన్నారు. అయినా ప్రభుత్వం మజ్జిగ తాగమంటే కాదనడం ఎందుకని తాగారు.

పటంలో మా మండలం నల్లబడింది. ఎరుపు దాటాక ఏ రంగు వేయాలో పోర్టల్ రాసినవాళ్లు ఆలోచించలేదట. బడులు మూసేశారు, పరీక్షలు వాయిదా వేశారు, పిల్లలు చినుకుల్లో తడుస్తూ గంతులేస్తూ ఇళ్లకి పోయారు. టీవీ వాళ్లు వచ్చి నడిరోడ్డు మీద ఆమ్లెట్ అవుతుందని కోడిగుడ్డు పగలగొట్టారు. అది వానలో కొట్టుకుపోయింది. పోలీసులు వేడి ఎక్కడ పుట్టిందో కనిపెట్టి మా ఆసుపత్రిని చుట్టుముట్టారు. లోపలున్న ప్రజలంతా తక్షణం నీడకి పోవాలని మైకులో చెప్పారు. అప్పటికి నాగుల్‌మీరా స్పృహలో లేకుండా, నోట్లో గొట్టంతో, చల్లటి గదిలో పడుకుని ఉన్నాడు. ఆ మనిషికి అంతకంటే నీడ ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు.

మా సూపరింటెండెంటు గారు భయస్థుడు. పై నుంచి ఫోను రాకముందే ఆపేయమని కబురు పంపారు. హేమనళిని గారు కారుతున్న రక్తం ఆగేదాకా చేతిలో పని వదల్లేదు. ఆ తర్వాత గొట్టం బయటికి తీసి, చేతి తొడుగులు విసిరికొట్టి వచ్చేసింది. సగం గడ్డ లోపలే మిగిలిపోయింది.

మర్నాడు కలెక్టరాఫీసులో సమావేశం. రెవెన్యూ, వ్యవసాయం, పోలీసు, విద్య, అన్ని శాఖలూ వచ్చాయి. మత్స్యశాఖని ఎందుకు పిలిచారంటే, పిలవకపోతే కోపగించుకుంటారని పిలిచారు. డాక్టరమ్మ గొట్టం బొమ్మ గీసి, గడ్డ బొమ్మ గీసి, ఇది ఎండ కాదు వైద్యమని చెప్పింది. త్రివిక్రమరావు గారు ఓపిగ్గా అంతా విన్నారు. పోర్టల్‌లో కారణం రాసే గడి లేదనీ, అంకె రాసే గడి మాత్రమే ఉన్నదనీ చెప్పారు. కావాలంటే నలభైయారు డిగ్రీలకి లోబడి కాల్చుకోవచ్చన్నారు.

“నలభైయారు డిగ్రీల్లో గడ్డ కాలదండీ. దానికి వేన్నీళ్ల స్నానం చేయించినట్టుంటుంది,” అంది డాక్టరమ్మ.

స్నానానికి అభ్యంతరం లేదన్నారు ఆయన. తర్వాత లేచి నిలబడి తీర్మానం చదివారు.

“సదరు నాగుల్‌మీరా గారి శ్వాసనాళమును అత్యంత వేడిమి పీడిత ప్రాంతముగా గుర్తించడమైనది. సదరు ప్రాంతమునందు ఉదయం పదకొండు మొదలు సాయంత్రం నాలుగు వరకు ఎట్టి పనులూ చేపట్టరాదు. తక్షణమే చలివేంద్రము నెలకొల్పవలెను. నీడ కల్పించవలెను. నష్టపోయిన పంటల వివరములు సేకరించవలెను.”

వ్యవసాయ శాఖ వారు పంటల గడిలో సున్నా రాసుకున్నారు.

పదకొండుకి ముందు చేసుకోవచ్చు కదా అని నేను డాక్టరమ్మని అడిగాను. మత్తు ఇచ్చే డాక్టరు పక్క జిల్లా నుంచి బస్సులో దిగేసరికే పన్నెండు దాటుతుందని గుర్తుచేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా. మా దగ్గర ఇద్దరూ ఇవ్వలేదు, పైగా బస్సు కూడా ఇవ్వలేదు.

చలివేంద్రం మాత్రం రెండో రోజే వెలిసింది. నాగుల్‌మీరా మంచం పక్కన ఇసుక పోసి, మట్టి కుండలు పెట్టి, ఎర్రగుడ్డ చుట్టారు. ఎమ్మెల్యే గారు వచ్చి రిబ్బను కత్తిరించారు. రోగి మజ్జిగ తాగుతున్న ఫొటో కావాలన్నారు. ఇప్పుడు తాగితే పొలమారి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ అడ్డుపడింది. సరేనని ఎమ్మెల్యే గారే తాగారు, రోగి చూశాడు. ఆ ఫొటోనే పేపర్లో వేశారు.

నీడ కల్పించే బాధ్యత ఇంజనీరుది. ఆయన ఆపరేషన్ థియేటర్లో, బల్ల మీద, తాటాకు పందిరి వేయించాడు. క్రిములు చేరతాయని డాక్టరమ్మ గోల పెడితే ఒక్కొక్క ఆకునీ స్పిరిట్‌తో తుడిపించాడు. ఏసీ గదిలో పందిరి ఏమిటని నేను అడిగాను. ఏసీ చల్లదనం పద్దు కిందికి వస్తుంది గాని నీడ పద్దు కిందికి రాదు అన్నాడు. 

అంతలో తహశీల్దారు గారికి ఒక ఉపాయం తోచింది. నాగుల్‌మీరా గొంతు వల్లే కదా మండలం మొత్తం నల్లబడుతోంది, ఆ గొంతుని మండలంలోంచి విడదీస్తే పీడ వదులుతుందని. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు, వెంటనే సర్వేయరు గొలుసు పట్టుకుని వార్డుకి వచ్చాడు. హద్దులు ఎక్కడ మొదలెట్టాలో తెలియక నాగుల్‌మీరాని నోరు తెరవమన్నాడు. అతని వెనక వీఆర్వో, గ్రామ సేవకుడు, ఇద్దరు సాక్షులు నిలబడ్డారు.

నాగుల్‌మీరా నోరు తెరిచి, మళ్లీ మూసి, ఈల మధ్యన మాటలు కూడదీసుకున్నాడు. “నా గొంతులో ఇంతమందికి చోటెక్కడుంది సారూ. నాకే లేకపాయె,” అన్నాడు.

సర్వేయరు గొలుసు చుట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

నవ్వులాట ఇక్కడితో సరి. లోపల మిగిలిన గడ్డకి ఉత్తర్వులు తెలియవు. అది మళ్లీ పెరగడం మొదలెట్టింది. కాల్చిన తర్వాత కొన్నాళ్లు వెల్లకిలా పడుకోగలిగిన మనిషి తిరిగి గోడకి చేరాడు. మాట్లాడితే ఆయాసం. సన్నాయి సంచీ తలాపున పెట్టుకుని దాని మీద చెయ్యి వేసుకుని కూర్చునేవాడు. నేను ఆ వార్డు మీదుగా పోవడం మానేశాను. ఒకరోజు ఖాసింబీ నా బల్ల దగ్గరికే వచ్చింది.

“సారూ, ఆయనకి ఊపిరాడట్లా. మూడు రాత్రుల్నించి కూకునే ఉంటన్నాడు. డాక్టరమ్మ చేస్తానంటది, మీరు చెయ్యనియ్యరు. అసలు అడ్డం ఎవరో చెప్పండి, పొయ్యి వాళ్ల కాళ్లు పట్టుకుంటా,” అంది.

అడ్డం ఎవరో నాకే తెలిస్తే నేనే పట్టుకునేవాణ్ణి. అడ్డం కలెక్టరు గారిది కాదు, పోర్టల్‌ది. పోర్టల్‌కి కాళ్లు లేవు. ఆవిడని కూర్చోబెట్టి డాక్టరమ్మని పిలిచాను. ఆమె విని, నన్ను వెంటబెట్టుకుని తిన్నగా త్రివిక్రమరావు గారి ఆఫీసుకి నడిచింది. ఆయన బల్ల మీద మా జిల్లా పటం ఉంది. అంతా ఆకుపచ్చగా ఉండి, యంత్రం చివరిసారి చెప్పిన అంకె చెరగదు కాబట్టి మా మండలం ఒక్కటే బొగ్గు పడినట్టుంది. ఆయన దాన్ని చూస్తూ అన్నం మానేశారని బంట్రోతు నాకు చెప్పాడు.

“ఆ మనిషి చచ్చిపోతాడు,” అంది డాక్టరమ్మ. “మీకు వేడి వద్దు. సరే, చలి ఇవ్వండి. మైనస్ యాభై దాకా చల్లబడే కొన ఒకటుంది. కాల్చిన ముక్కల్ని అంటించుకుని బయటికి లాగడానికి పనికొస్తుంది. కిందటేడే అడిగాను, దానికీ కాగితం కదల్లేదు. వేడీ లేక చలీ లేక నేను చేతుల్తో తీయనా ఆ గడ్డని?”

త్రివిక్రమరావు గారు చివరి మాటలు వినలేదు. ఆయన కళ్లు మెరిశాయి. గభాలున బీరువా తీసి నిబంధనల పుస్తకంలో తొమ్మిదో పేరా చదివారు. ఒకే స్థలమందు ఒకటికి మించిన ఉష్ణోగ్రతలు నమోదైన యెడల సగటు తీసుకొనవలెను. కాగితం మీద నూటనాలుగు వేశారు, దాంట్లోంచి యాభై తీశారు, వచ్చినదాన్ని సగం చేశారు. ఇరవై ఏడు వచ్చింది. ఆయన పెన్ను కింద పెట్టి కళ్లజోడు తుడుచుకున్నారు. ముప్ఫై ఏళ్ల నౌకరీలో ఒక లెక్కకి కంటతడి పెట్టిన అధికారిని నేను ఆ ఒక్కసారే చూశాను.

మమ్మల్ని ఏడాదిపాటు ఎండబెట్టిన చలి కొన మర్నాడు సాయంత్రానికల్లా జీపులో వచ్చింది. పదకొండు నుంచి నాలుగు దాకా పని కూడదన్న ఉత్తర్వు కూడా ఎగిరిపోయింది. ఇరవై ఏడు డిగ్రీల చోట అది వర్తించదట.

రెండోసారి వైద్యానికి త్రివిక్రమరావు గారు స్వయంగా వచ్చారు. ఆకుపచ్చ గౌను తొడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, తాటాకు పందిరి కింద పోర్టల్ తెరిచి పట్టుకుని నిలబడ్డారు. డాక్టరమ్మ గడ్డని కాల్చేది. కాలిన ముక్కని చలి కొనతో పట్టి లాగేది. మళ్లీ కాల్చేది. సగటు ముప్ఫై దాటితే ఆయన మెల్లిగా, “మేడం, కొంచెం చలి,” అనేవారు. పాతికకి దిగితే, “కొంచెం వేడిమి,” అనేవారు. పెళ్లివంటలో ఉప్పు చూసే పెద్దమనిషిలా ఉన్నారు. డాక్టరమ్మ ఆయన మాట ఒక్కటీ వినిపించుకోలేదని నాకు నర్సు చెప్పింది. అయినా చివరి ముక్క బయటికి వచ్చేసరికి పోర్టల్‌లో సరిగ్గా ఇరవై ఏడే ఉంది. కొన్ని పనులు మనుషుల తెలివితక్కువతనాన్ని దాటుకుని జరిగిపోతాయి.

నాగుల్‌మీరా ఆ రాత్రి వెల్లకిలా పడుకుని గుర్రు పెట్టి నిద్రపోయాడు. ఆ గుర్రు వింటూ ఖాసింబీ మంచం పట్టె మీద కూర్చుని ఏడ్చింది. అన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నాకు చాలా సంతోషం కలిగింది. ఇది ఎక్కడా రాయలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

మామూలు కథైతే ఇక్కడ ఆగిపోవాలి. కానీ పథకాలు మనుషుల్లా కుదుటపడి ఊరుకోవు. నాగుల్‌మీరా శ్వాసనాళం జిల్లాలోకెల్లా సాంకేతికంగా అత్యంత ప్రామాణికమైన ఉష్ణోగ్రతా కేంద్రమని త్రివిక్రమరావు గారు నివేదిక పంపారు. పోస్టాఫీసు గోడకీ బస్టాండు గోడకీ ఉన్న థర్మామీటర్ల కంటే అది నాణ్యమైనదట. మండలంలో మిగిలిన యంత్రాల తీగలన్నీ పీకేశారు. ఆ కేంద్రం పేరు మీదున్న యంత్రంతోనే తర్వాత వచ్చిన రోగులకి కూడా డాక్టరమ్మ కాల్చడం, చలితో లాగడం చేస్తూనే ఉంది కాబట్టి అంకె ఇరవై ఏడుకి అటూ ఇటూగా అక్కడే నిలబడిపోయింది. పటంలో మా మండలం లేత ఆకుపచ్చగా మారింది. పర్యాటక శాఖ వారు వచ్చి, ఇంత చల్లటి ప్రదేశంలో విడిది గృహం కట్టే వీలుందేమో చూడాలని, నాగుల్‌మీరా ఎత్తు ఎంతో కొలుచుకుని పోయారు.

అప్పటికి మే నెల వచ్చింది. బయట నిజంగా నిప్పులు కురుస్తున్నాయి. కాకులు నోళ్లు తెరుచుకుని వసారాల్లో చేరాయి. కానీ పోర్టల్‌లో ఇరవై ఏడు. బడులు తెరవమన్నారు, తెరిచారు. ఇరవై ఏడు డిగ్రీలకి చలివేంద్రాలు దుబారా అన్నారు, కుండలు బోర్లించారు. ఉపాధి పనులు మిట్టమధ్యాహ్నం కూడా చేయించమన్నారు. చెరువులో మళ్లీ పలుగులు లేచాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఏ చావుల కోసం ఈ పథకం పుట్టిందో ఆ చావుల దగ్గరికే తిరిగి చేరుకుంది. సొమ్మసిల్లిన కూలీలని ఎడ్ల బండ్ల మీదా ఆటోల్లోనూ మా దగ్గరికి తెచ్చేవారు. జబ్బు పేరు వడదెబ్బ అని కొడితే పోర్టల్ ఒప్పుకోదు. ఈ ప్రాంతమందు వడదెబ్బకు ఆస్కారము లేదు అని ఎర్రక్షరాల్లో చూపిస్తుంది. ‘ఇతరములు’ అని కొడితే తీసుకుంటుంది. ఆ నెల ‘ఇతరములు’ కింద వార్డు నిండిపోయింది. వాళ్లలో ఇద్దరు ఇంటికి తిరిగిపోలేదు. ఆ ఇద్దరి కోసం నేను త్రివిక్రమరావు గారికి ఫోను చేసి గట్టిగానే మాట్లాడాను. ఆయన శాంతంగా విని, ‘ఇతరముల’ నివారణ తమ శాఖ పరిధిలోనిది కాదన్నారు.

మా జిల్లాకి ‘చల్లని జిల్లా’ పురస్కారం వచ్చింది. సభ పోలీసు మైదానంలో పెట్టారు. మధ్యాహ్నం రెండు గంటలకి. ఇరవై ఏడు డిగ్రీలకి షామియానా ఎందుకని వేయలేదు. జనం నెత్తిన పైటకొంగులూ తువ్వాళ్లూ కప్పుకుని కూర్చున్నారు. ఈ ఘనతకి మూలకారకుడు కాబట్టి నాగుల్‌మీరాని వేదిక మీదికి పిలిచి సన్నాయి వాయించమన్నారు.

ఆయన వాయించాడు. మొదట మెల్లిగా, గొంతుని నమ్మాలో వద్దో తేలనట్టు. తర్వాత ఒక స్వరం పట్టాడు. అది పోతూనే ఉంది. జనం ఎండ మర్చిపోయారు. డాక్టరమ్మ నా పక్కనే నిలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ స్వరం ఆగిపోయే లోపల వేదిక మీద త్రివిక్రమరావు గారు పురస్కారం అందుకోవడానికి లేచారు. గొడుగు ఇంటి దగ్గరే వదిలేసి వచ్చారు ఆ రోజు. రెండడుగులు వేసి నిలువునా కూలిపోయారు.

అందరికంటే ముందు పట్టుకున్నది నాగుల్‌మీరాయే. సన్నాయి సంకలో పెట్టుకుని కాళ్ల వైపు ఎత్తాడు, నేను తల వైపు పట్టాను. ఆసుపత్రిలో ఖాళీగా ఉన్న మంచం ఒక్కటే, ఇంతకుముందు నాగుల్‌మీరా పడుకున్నది. దాని పక్కన చలివేంద్రం ఇంకా ఉంది. ఎమ్మెల్యే గారు రిబ్బను కత్తిరించింది కాబట్టి దాన్ని తీసెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఆ కుండలో నీళ్లతోనే డాక్టరమ్మ ఆయన్ని తడిపింది, సెలైను ఎక్కించింది. నేను యథాప్రకారం జబ్బు గడిలో ‘ఇతరములు’ అని కొట్టాను.

సాయంత్రానికి ఆయన కళ్లు తెరిచారు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నన్ను చూసి మెల్లిగా అడిగారు.

“ఎంత ఉంది?”

పోర్టల్ చూశాను. “ఇరవై ఏడు సార్.”

ఆయన కిటికీ వైపు చూశారు. చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. ఒక్క క్షణం ఆ మనిషికి ఏదో అర్థమైందనే అనుకున్నాను. తర్వాత తలెత్తి పైకి చూశారు.

“అయితే ఆ ఫ్యాను ఆపించండి. దుర్వినియోగము.”

ఉత్తర్వు ఉత్తర్వే. ఆపాను. వార్డంతా ఉడికిపోయింది. ‘ఇతరములు’ అందరూ మంచాల మీద నుంచి ఆయన వైపు చూశారు.  ఆయన కళ్లు మూసుకున్నారు, ముఖం మళ్లీ కందగడ్డలా ఎర్రబడింది.

సభ నుంచి మా వెంటే వచ్చి వార్డులో కూర్చున్న ఖాసింబీ లేచి ఎటో పోయింది. ఆపరేషన్ థియేటర్ పందిరిలోంచి ఒక తాటాకు పీక్కుని వచ్చి, ఆయన తల దగ్గర ముక్కాలి పీట వేసుకుని కూర్చుని విసరడం మొదలెట్టింది. నేను చూస్తున్నానని గమనించి విసురుతూనే నా వైపు తిరిగింది.

“నేను ఇసురుతన్నానని ఎక్కడా రాయమాకండి సారూ,” అంది.